నీళ్లు నిల్వ పెట్టొద్దంటున్న సార్లకి, నాలుగు రోజులకోసారి కొళాయి వచ్చే వీధి నుంచి ఒక బహిరంగ లేఖ

మా మున్సిపల్ కమిషనర్ గారికి, మలేరియా సెక్షన్ వాళ్లకి, నీళ్ల సెక్షన్ ఇంజనీర్ గారికి నమస్కారం.

ముగ్గురికీ కలిపి ఒకటే లేఖ ఎందుకంటే మా వీధిలో డెంగీ జొరాల గురించి విడివిడిగా రాసే అర్జీలన్నీ అయిపోయాయి. కమిషనర్ గారి ఆఫీసులో ఇస్తే మలేరియా వాళ్లకి పంపాం అన్నారు, మలేరియా వాళ్లు అది నీళ్ల సమస్య అన్నారు, నీళ్ల సెక్షన్లో అడిగితే దోమలకీ మాకూ ఏంది సంబంధం అన్నారు. సోమవారం గ్రీవెన్స్‌కి రెండుసార్లు షాపు మూసుకుని పోయా. రెండోసారి తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని, అది వచ్చిన రోజే మా ఎదురింటి పిల్లోడికి 103 జొరం. అందుకని ఇక నలుగురూ చదివేట్టు రాస్తున్నా. ఊరి పేరు కావాలనే రాయట్లా, ఎవర్నీ బజారుకి ఈడ్చాలని కాదు, మా ప్రకాశం జిల్లాలో చాలా చిన్న టౌన్లలో ఇదే వరస కాబట్టి చదివినోళ్లకి ఇది మా ఊరే కదా అనిపిస్తే చాలు.

నాది బస్టాండు కాడ జిరాక్స్ షాపు. డాక్టర్ని కాదు, పెద్ద చదువూ లేదు. కానీ ఊర్లో ఎవరికి జొరం వచ్చినా ఆ రిపోర్టు ఏదో ఒక రోజు నా మిషన్ మీదకి వస్తుంది, ఇన్సూరెన్స్‌కనో, స్కూల్లో లీవ్ కోసమో, ఆస్పత్రి బిల్లులు సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టుకోడానికో. ఎవరి పేరూ నేను రాసుకోలా, అది తప్పు. కాకపోతే డెంగీ పాజిటివ్ అని ఉన్న రిపోర్టు వచ్చినప్పుడల్లా గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ మీద ఒక గీత పెడతా వచ్చా. అక్టోబర్ పేజీ చూస్తే ఇప్పుడు తిథీ కనపడదు వర్జ్యమూ కనపడదు.

అదే క్యాలెండర్ ఫోటో మీ ఆఫీసులో చూపిస్తే ఒక సారు నవ్వి, "మా లెక్కలో మీ వార్డులో కన్‌ఫర్మ్ కేసు ఒక్కటి కూడా లేదు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలా, అదే నా బాధ. ప్రైవేటు ల్యాబుల్లో చేసేది కార్డు టెస్టు, పావుగంటలో గీత వస్తుంది. సర్కారు లెక్కలోకి రావాలంటే ఎలీసా టెస్టు చేయాలి, జొరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో అయితే రక్తంలో వైరస్ ముక్కని పట్టే ఎన్ఎస్1, ఆ తర్వాత అయితే వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీని పట్టే ఐజీఎం. మంచిదే, కార్డు టెస్టు ఒక్కోసారి తప్పు చెప్తుంది, ఎలీసా చేయాల్సిందే, దాన్ని నేనేమీ తప్పు పట్టట్లా. కానీ ఎలీసాకి రక్తం పంపేదెవరు? మా వీధిలో జొరాలొచ్చిన ఇళ్లలో ఒక్క ఇంట్లో కూడా శాంపిల్ తీయలా. తీయకపోతే కన్‌ఫర్మ్ కాదు, కన్‌ఫర్మ్ కాకపోతే కేసు లేదు, కేసు లేకపోతే మందు కొట్టరు. ఇంత చక్కగా గుండ్రంగా తిరిగే లెక్క నేనెక్కడా చూళ్లా.

ఇంకో సంగతి. జులైలో యాంటీ డెంగీ మాసం అని మీ ఆఫీసు నుంచే ఒక కాయితం తెచ్చి 500 కాపీలు తీయమన్నారు, తీశా. మొదటి లైను ఇది: "ఇంటిలో నీటిని నిల్వ ఉంచరాదు". ఆ రోజుకి మా వీధికి కొళాయి వచ్చి ఐదో రోజు. మిషన్లోంచి ఆ కాయితం ఒక్కోటీ బయటికొస్తా ఉంటే మా ఆవిడ ఫోన్ చేసి డ్రమ్ము అడుగంటింది వచ్చేటప్పుడు క్యాన్ ఒకటి తీసుకురా అంటా ఉంది. నిల్వ పెట్టకుండా బతికే ఉపాయం ఆ కాయితంలో రెండో లైనుగా రాసుంటే దండం పెట్టేవాణ్ణి.

మా నీళ్ల సంగతి మీకు తెలియంది కాదు. సాగర్ కుడి కాలవ నుంచి వచ్చే నీళ్లు చెరువులో నింపి, ఫిల్టర్ చేసి, వంతులేసి వదుల్తారు. మామూలు రోజుల్లో నాలుగు రోజులకోసారి, ఎండాకాలం వారం కూడా దాటుద్ది, వచ్చినా గంటన్నర. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం, ఆ మాట ఇక్కడ వదిలేద్దాం. కాబట్టి మా వీధిలో ప్రతి ఇంటి ముందూ 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు, వెనక సిమెంటు తొట్టి, అవి చాలక పెయింటు బకెట్లు. డెంగీ దోమకి కావాల్సింది సరిగ్గా ఇదే. అది మురిక్కాలవలో గుడ్లు పెట్టే రకం కాదు, మనం దాచుకున్న మంచి నీళ్లలో పెడుతుంది, పగలు కుడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మా ఎండకి వారం పది రోజులు చాలు. కరువు ప్రాంతంలో డెంగీ ఏందని అడుగుతారు కొంతమంది, కరువు కాబట్టే డెంగీ సార్.

సెప్టెంబర్లో మా అమ్మాయికి వచ్చింది, ఇంటర్ సెకండియర్. నాలుగు రోజులు కాగిన పెనంలా కాలిపోయింది, ఐదో రోజు పొద్దన ఒళ్లు చల్లబడింది, తగ్గిందని పక్కింటోళ్లకి కూడా చెప్పుకున్నాం. సాయంత్రానికి కడుపునొప్పి, ఆగని వాంతులు, మంచం మీద నుంచి లేస్తే కళ్లు తిరగడం. అప్పుడు తెలిసింది, డెంగీలో జొరం తగ్గే టైమే అసలు గండం అని. రాత్రికి రాత్రి ఒంగోలు తీసుకుపోయాం, నాలుగు రోజులు ఉంచారు, బతికింది. అంతకుముందే ఒళ్లునొప్పులకని ఇక్కడ ఒక నొప్పి ఇంజక్షన్ వేయించాం, డెంగీ అనుమానం ఉంటే అవి వేయకూడదంట, పారాసెటమాల్ ఒక్కటేనంట. మీ 500 కాయితాల్లో ఈ రెండు ముక్కలు ఎక్కడా లేవు. బొప్పాయాకు రసం మాత్రం చుట్టాలందరూ తెచ్చారు, కివీ పండ్లోడు కూడా మా మీద బాగుపడ్డాడు.

అమ్మాయి ఇంటికొచ్చాక ఆశా వర్కర్ అక్క వచ్చి, డ్రమ్ము మూత తీసి ఫోన్ టార్చి వేసి కదలకుండా చూడు అంది. మొదట ఏం కనపడలా, నీళ్లు అద్దంలా ఉన్నాయి. చెయ్యి నీడ పడగానే వెంట్రుక ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతా కిందికి దిగిపోయాయి, కాసేపాగితే ఒక్కోటీ పైకొచ్చి తలకిందులుగా వేలాడతా ఉన్నాయి, అవే దోమ పిల్లలు. ఆ నీళ్లే వడకట్టుకుని వాడుతున్నాం. మూడు నెలలుగా సైడు కాలవ తీయలేదని మిమ్మల్ని తిడతా ఉన్నా, తిట్టడం తప్పేం కాదు గానీ, మా అమ్మాయిని కుట్టిన దోమ బహుశా నా డ్రమ్ములోనే పుట్టింది. ఇది ఒప్పుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంకో మాట కూడా చెప్పింది అక్క, ఆ దోమ గుడ్లు నీళ్లలో వదలదు, నీటి మట్టానికి కొంచెం పైన డ్రమ్ము గోడకి అంటిస్తుంది, ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పగిలి పిల్లలు బయటికొస్తాయి. అంటే నీళ్లు పారబోస్తే చాలదు, పీచుతో రుద్దాలి. అమావాస్యకో పౌర్ణమికో డ్రమ్ము తిప్పి కొట్టి శుభ్రం చేశాం అనుకునేవాళ్లం అందరం.

ఇక దీనివల్ల మామూలు జనానికి ఏమవుతుందో వరసగా రాస్తా, ఫైలులో ఇవి కనపడవు కాబట్టి.

1. డబ్బు. మా అమ్మాయికి అయిన ఖర్చుకి మా ఆవిడ కమ్మలు, చైను తాకట్టు పెట్టాం. నాకు షాపు ఉంది కాబట్టి వడ్డీ కడుతున్నా. మా వెనక సందులో గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీకి పోయే కుర్రోడికి అదే జొరం వస్తే, తగ్గాక కూడా కీళ్లు పట్టేసి రెండు వారాలు పనికి పోలా, పోకపోతే కూలి లేదు. వాళ్లావిడ టైలరింగ్ చేసి నెట్టుకొచ్చింది, తర్వాత ఆమెకి కూడా వచ్చింది.

2. పిల్లలు. పగలు కుట్టే దోమ కాబట్టి పిల్లోళ్లకి బళ్లోనే కుడుతుంది. బడి మీద ట్యాంకు మూత ఉందా లేదా ఎక్కి చూసినోడు లేడు.

3. రెండోసారి వస్తే. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒకదానితో వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ రాదు గానీ మిగతా మూడూ రావచ్చు, రెండోసారి వేరే రకం తగిలితే మొదటిసారి కంటే ప్రమాదం ఎక్కువ. అంటే ఈ ఏడు జొరమొచ్చి లేచిన మా వీధి పిల్లలందరూ వచ్చే ఏడు ఇంకా ఎక్కువ భయంలో ఉంటారు. మీ లెక్కలో మాత్రం వీళ్లెవరికీ మొదటిసారి కూడా రాలా.

4. విరేచనాలు. ఇది డెంగీ కాదు గానీ అదే కొళాయి నుంచి వస్తుంది కాబట్టి ఇక్కడే రాస్తున్నా. మా వీధి మొదట్లో మంచినీళ్ల పైపు సైడు కాలవలో మునిగి పోతుంది, జాయింట్ కాడ గుడ్డ చుట్టి ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. రోజంతా నీళ్లుండే పైపు అయితే చిల్లున్నా నీళ్లు బయటికి కారతాయి. మనది నాలుగు రోజులు ఖాళీగా ఉండే పైపు, నీళ్లు ఆపగానే లోపల వత్తిడి పడిపోయి కాలవలో మురికిని లోపలికి పీల్చుకుంటుంది, మళ్లీ వదిలినప్పుడు మొదటి బిందె ఆ మురికే. అందుకే మా వీధిలో మొదటి రెండు బిందెలు పారబోస్తారు, ఎవరు నేర్పారో తెలియదు. 2024 అక్టోబర్లో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలతో మనుషులు చనిపోయింది పేపర్లలో అందరం చదివాం. అట్టాంటిది జరిగాక మెడికల్ క్యాంపు పెట్టి, మంత్రులొచ్చి, బ్లీచింగ్ చల్లుతారు. ముందే ఒక జాయింట్ మార్చడానికి ఎంతవుద్ది సార్?

మా నాయనమ్మ చీలమండ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉండేది, నారికురుపు. దిగుడు బావి నీళ్లు తాగితే ఒంట్లోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే జబ్బు, రెండు మూరల దాకా పొడుగుంటుంది, పుల్లకి చుట్టుకుంటా రోజుకింత లాగేవాళ్లంట. దానికి టీకా లేదు, మందు లేదు. అయినా 2000 నాటికి దేశంలో లేకుండా చేశారు, దిగుడు బావులు మూసి, బోర్లు వేసి, గుడ్డలో వడకట్టి తాగమని ఊరూరా చెప్పి, ఒక్కో కేసునీ వెతికి పట్టుకుని. చేసింది మీలాంటి ఆఫీసుల వాళ్లే. 2020 మార్చి 12న రాష్ట్రంలో మొదటి కరోనా కేసు పక్కనే నెల్లూరులో బయటపడ్డప్పుడు ఎట్టా కదిలారో చూశాం, ఆ కరోనా వచ్చిన కుర్రోడు ఎవరెవర్ని కలిశాడో వెతికారు, ఇంటింటికీ తిరిగి జొరం ఉందా దగ్గుందా అని రాసుకుపోయారు. కాబట్టి చేతకాదని నేననుకోవట్లా. చేతనైనా చేయట్లేదని మాత్రం అనుకుంటున్నా.

మేం అడిగేవి ఇవి.

1. కొళాయి వచ్చే రోజే డ్రై డే, అంటే నీళ్లు పారబోసి డ్రమ్ములు, తొట్లు ఎండబెట్టే రోజు, పెట్టండి. ఇప్పుడు ఊరంతటికీ శుక్రవారం డ్రై డే అంటున్నారు. మా వీధికి బుధవారం నీళ్లొస్తే శుక్రవారానికి డ్రమ్ములు ముప్పావు నిండి ఉంటాయి, మళ్లీ ఆదివారం దాకా అవే నీళ్లు, ఎవరు పారబోస్తారు? ఏ తల్లీ పారబోయదు. అదే కొళాయి వచ్చే పొద్దన అయితే డ్రమ్ము ఎట్టాగూ అడుగంటి ఉంటుంది. ఆ పూట పావుగంట పీచుతో రుద్ది తర్వాత నింపుకోమంటే ఎవరికీ కష్టం లేదు. నాలుగు రోజులకోసారి రుద్దితే వారం పట్టే దోమ ఎక్కడ పుడుద్ది? కొళాయి వంతు మా శాపం అనుకున్నాం గానీ సరిగ్గా వాడితే అదే మందు. దీనికి నీళ్ల సెక్షన్, మలేరియా సెక్షన్ ఒక్కసారి ఒకే గదిలో కూర్చుని వార్డు వారీగా టైం టేబుల్ రాయాలి. టైం టేబుల్ రాస్తే దాని మీద నిలబడాలి కూడా, నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియకే జనం డ్రమ్ము ఎప్పుడూ నింపి పెట్టుకునేది. తెల్లారి చెత్త బండి మైకులో ఆ పాట బదులు "ఈ రోజు ఫలానా వీధికి నీళ్లు, డ్రమ్ములు రుద్దుకోండి" అని చెప్పిస్తే చాలు.

2. డ్రమ్ములకి వల. నీలం డ్రమ్ము మూతలు ఏడాదికే పగిలిపోతాయి. మా ఆవిడ పాత దోమతెర కోసి అంచున లంగా ఎలాస్టిక్ కుట్టి రెండు డ్రమ్ములకి తొడిగింది, నీళ్లు పట్టేటప్పుడు పైపు దాని మీదే పెడుతుంది, తీసే పనే లేదు. పొదుపు సంఘాల ఆడోళ్లకి ఆర్డర్ ఇస్తే వార్డుకి సరిపడా వారంలో కుట్టిస్తారు. నీళ్లు పారబోసి రుద్దడం కుదరని పెద్ద తొట్లకి, సంపులకి దోమ పిల్లల్ని చంపే అబేట్ మందు పోయండి, లెక్క ప్రకారం పోస్తే వాడుకునే నీళ్లలో కూడా ఫర్వాలేదని పోసేటప్పుడు నోరు తెరిచి చెప్పండి, చెప్పకుండా పోయబట్టే జనం వెనకాలే పారబోస్తున్నారు. మందు కొట్టే కుర్రోళ్లకి గ్లౌజులు, మాస్కు ఇవ్వండి, ఒట్టి చేతులతో కలుపుతున్నారు.

3. కార్డు టెస్టు పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరి రక్తం ఎలీసాకి పంపండి. ఊర్లో ఉన్న ప్రైవేటు ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఏ రోజుకారోజు లిస్టు తెప్పించుకోండి. ఎలీసా రిజల్టు వచ్చేదాకా కూర్చోవద్దు, కార్డు పాజిటివ్ అనగానే ఆ ఇంటి చుట్టూ యాభై ఇళ్లు డ్రమ్ము డ్రమ్ము చూడండి. ఆ దోమ కిలోమీటర్లు ఎగిరే రకం కాదు, ఆ చుట్టుపక్కలే ఉంటుంది. జొరం ఉన్న మనిషిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టమని చెప్పండి, ఆ మనిషిని కుట్టిన దోమే వారం పది రోజుల తర్వాత ఇంకొకరికి అంటిస్తుంది.

4. పొగ మిషన్ గురించి. కౌన్సిలర్ గారు ముందు నడుస్తా రాత్రి ఏడింటికి రోడ్డు మీద పొగ వదిలి ఫోటో దిగి పోవడం ఆపేయండి, పిల్లలు దాని వెనక పరిగెత్తడానికి తప్ప దేనికీ పనికిరాలా. పొగ ఎగిరే దోమనే చంపుతుంది, డ్రమ్ములో ఉన్నదాన్ని చంపదు. మూడో రోజుకి కొత్తవి వస్తాయి. జొరాలు ఎక్కువున్న చోట వాడండి, డ్రమ్ముల పని పూర్తయ్యాక వాడండి.

5. మీ క్యాలెండర్ మార్చండి. రాష్ట్రం మొత్తానికి జూన్ మలేరియా మాసం, జులై డెంగీ మాసం అని బ్యానర్లు కడతారు, ర్యాలీలు తీస్తారు. మన ప్రకాశం, నెల్లూరుకి అసలు వాన పడేది అక్టోబర్, నవంబర్లో, ఈశాన్యంతో. అప్పటికి మీ బ్యానర్లు చిరిగి, టెంపరరీగా పెట్టుకున్న వాళ్లని ఆపేసి ఉంటారు. జులైలో ర్యాలీ తీయకపోయినా ఏం కాదు, దసరా నుంచి సంక్రాంతి దాకా మనుషుల్ని ఉంచండి.

6. పైపు కాలవలోంచి బయటికి తీయండి, కనీసం ఆ జాయింట్ మార్చండి. క్లోరిన్ టెస్టు ట్యాంకు కింద కాదు, చిట్టచివరి ఇంటి కొళాయి కాడ చేయండి, అక్కడ లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. టెస్టు మందు చుక్కలేస్తే పసుప్పచ్చ రంగు వచ్చిందా లేదా, తేదీతో సహా వార్డు సచివాలయం బోర్డు మీద రాయండి. రంగు రాని రోజు కూడా రాయండి, రాస్తే కాచుకుని తాగుతాం.

ఇందులో కొన్నింటికి పైసా ఖర్చు లేదు. మిగతావాటికి ఎంతవుద్దో నాకు తెలియదు గానీ మా ఒక్క వార్డు జనం ఒంగోల్లో కట్టిన ఆస్పత్రి బిల్లుల కంటే ఎక్కువ కాదని మాత్రం చెప్పగలను, ఆ బిల్లులకి జిరాక్స్ తీసింది నేనే కదా.

మా వైపు నుంచి మేం మొదలుపెట్టేశాం. మా వీధిలో 22 ఇళ్లు, కొళాయి రోజు ఎవరి డ్రమ్ము వాళ్లు రుద్దుకోవాలని మాట అనుకున్నాం, ముసలోళ్లు ఒంటరిగా ఉండే మూడిళ్లకి కుర్రోళ్లు పోతున్నారు. ఒక ఇంటాయన మాత్రం నా డ్రమ్ము నా ఇష్టం అంటున్నాడు, ఆయనకి మీలో ఎవరైనా చెప్తే వింటాడు, నా మాట వినట్లా.

కొళాయి వదిలే అబ్బాయిని అడిగితే తర్వాతి వంతు గురువారం పొద్దన ఐదున్నరకి అన్నాడు. ముగ్గురిలో ఒక్కరొచ్చినా చాలు. నాలుగున్నర నుంచే రుద్దుతా ఉంటాం, కాలవలో మునిగిన పైపు కూడా ఆ టైంలో అయితే బాగా కనపడుద్ది. టార్చి నేను తెస్తా.

ఇట్లు
బస్టాండు కాడ జిరాక్స్ షాపు అతను, మా వీధి 22 ఇళ్ల తరఫున